ఎవరెవరు మేలుకున్నారు

ముఠా మేస్త్రి ఏసోబు ఫోను ముట్టుకుంటే
ముందు నాకు తుమ్మొస్తుంది.
స్పీకరు జల్లెడలో మిర్చియార్డు ఘాటు,
ఛార్జింగు బొక్కలో ఎర్రటి నుసి,
బ్రష్షుతో గీకితే
కాగితం మీద చిటికెడు కారం.

"జేబులో ఇస్త్రీపెట్టె ఉన్నట్టుంది మస్తానక్కా,
ఎవరితో మాట్లాడకపోయినా కాలిపోతోంది."
కాలదూ మరి?
ఎనిమిదేళ్ల ఫోను. మేనల్లుడు వాడి వదిలేసింది.
పోయిన గురువారం ఎవరిదో పెళ్లికార్డు వస్తే నొక్కాడట.
పెళ్లికొడుకూ లేడు, పెళ్లికూతురూ లేదు,
తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ మామూలైందట.

గుమ్మం బయట ఆటోలో
ముఠా వాళ్లు నలుగురు కూర్చున్నారు.
వాళ్ల వారం కూలి, పదకొండు వేల నాలుగొందలు,
ఈ ఫోన్లోంచే మాయమైంది.

కేబులు గుచ్చాను.
లోపల నడుస్తున్నవన్నీ
నా కంప్యూటరు మీద బిలబిలా దిగాయి,
ఒక్కోదానికి ఒక్కో నంబరు,
బ్రాడీపేట లైన్లలో గుమ్మాల మీద రాసినట్టు
నాలుగు బై ఏడు, నాలుగు బై తొమ్మిది.

ఆ లైన్లలోనే మా నాన్న రాత్రి గస్తీ తిరిగాడు.
దొంగ మొదటి రాత్రి దొంగతనానికి రాడనేవాడు,
లెక్కకొస్తాడు.
ఏ కిటికీలో లైటుంది, ఎవరు దగ్గుతున్నారు,
గుమ్మం ముందు చెప్పులెన్ని జతలు,
ఏ గేటు వెనక కుక్క లేదు.
పూచికపుల్ల ముట్టుకోడు.
తాళం కన్నా ముందు
నిద్రను తడిమి చూసి పోతాడు.

పెళ్లికార్డు కూడా అంతే చేసింది.
మొదట కుక్కను వెతికింది, కాపలా యాప్ ఒక్కటీ లేదు.
తర్వాత చీకట్లో నిలబడి
ఘడియకోసారి అదే ప్రశ్న:
ఎవరెవరు మేలుకున్నారు? ఎవరెవరు మేలుకున్నారు?
బ్యాంకు యాప్ కళ్లు తెరిచే క్షణం కోసం,
దాని ముఖం మీద దానిలాంటి ముఖమే తగిలించడం కోసం.
కొత్త ఫోన్లయితే
పక్కింట్లో ఎవరున్నారని అడిగితే మూగనోము పడతాయి.
(వాటికీ సందులున్నాయిలే, వెతికేవాడు వెతుకుతూనే ఉంటాడు.)
ఈ ముసలి ఫోను
పరదాల్లేని ఇల్లు, అడిగిన ప్రతివాడికీ
వరస తప్పకుండా పేర్లు చెప్పేస్తుంది.

"నేను పడుకున్నప్పుడు కూడానా?"
"నువ్వు పడుకుంటేనే దానికి తీరిక."

పట్టిక ఇంకా దిగుతోంది.
వాతావరణం. వాక్యం చదివే యాప్.
దాని కిందే, మూసేశాననుకుని మూయకుండా వదిలేసిన
రమ్మీ.

బ్యాంకు మెసేజి తీశాను.
డబ్బు పోయింది మంగళవారం.
పెళ్లికార్డు వచ్చింది గురువారం.

"ఈ దొంగే తినేశాడని మావాళ్లకి ఒక్క మాట చెప్పక్కా,
నేను చెప్తే నమ్మట్లేదు,"
ఏసోబు బల్ల అంచు పట్టుకున్నాడు,
గోళ్ల సందుల్లో కూడా కారమే.

అప్పుడు తట్టింది నాకు:
నేనూ చేసింది ఆ దొంగ పనేగా.
కేబులు గుచ్చి, గుమ్మం గుమ్మం తిరిగి
ఎక్కడ లైటుందో చూసొచ్చాను.

"పెళ్లికార్డు తీసేశాను.
దాని కింద ఇంకోటుంది, అదీ తీసేస్తున్నా.
మంగళవారంది," అన్నాను.
వాడు తలెత్తలేదు.
చాలాసేపటికి, ఫోను వైపు చూస్తూనే,
"నెలకి రెండు వేలు లెక్కన కట్టేస్తా" అన్నాడు.
ఎవరికన్నాడో నేనడగలేదు.

ఆటోలోంచి ఒకాయన తొంగి చూశాడు:
"ఏమ్మా, దొంగున్నాడా లోపల?"
"ఉన్నాడు" అన్నాను.
అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.
మిగతాది వాడే చెప్పుకోవాలి,
ఆటో యార్డు చేరేలోపు చెప్తాడో లేదో.

ముప్ఫై ఏళ్లు మా నాన్న
బ్రాడీపేట కిటికీలన్నీ చూశాడు.
ఏ ఇంట్లో ఏ రాత్రి ఎవరు ఏడ్చారో
మాకెప్పుడూ చెప్పలేదు.
ఆ ఇంటి ముందు మాత్రం
విజిలు కొంచెం మెల్లగా ఊదేవాడట.

కాగితం మీది కారం చెత్తబుట్టలో దులిపాను.
మళ్లీ తుమ్మొచ్చింది.